బండి దొబ్బిన సైదమ్మ

సైదమ్మ నోరు మంచిది కాదని దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు కాడ ఎవల్ని అడిగినా చెప్తరు. ద్రాక్ష గుత్తి చేతిల పట్టుకొని "పుల్లగున్నయా?" అని అడిగినోళ్లకు, "నీ మొగని మాటలకంటె తియ్యగనే ఉన్నయి, తిని చూడు" అంటది. బేరమాడితే మొకం అటు తిప్పుతది. కాని ఆమె తక్కెడ మాత్రం సక్కగుంటది. పదిహేనేండ్ల సంది అదే జాగ, అదే బండి, అదే తక్కెడ. కిలో అంటే కిలో. ఇంటికి పోయి మళ్ల తూకమేసుకున్నోళ్లు గూడ ఉన్నరు, తప్పు దొరకక ఊకున్నరు. సైదమ్మకు లోకంల దేని మీదన్న పొగరున్నదంటే ఆ తక్కెడ మీదనే.

దేవరకొండ దిక్కుకెళ్లి మొగడు లచ్చయ్యతోటి పట్నమొచ్చింది. లచ్చయ్య మన్సూరాబాద్‌ల ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్. గడ్డిఅన్నారంల ఒక అర్ర కిరాయికి తీసుకున్నరు. పక్కనే పండ్ల మార్కెట్. పొద్దుగాల లేసి మాల్ తెచ్చుకునుడు, బండి మీద సర్దుకునుడు, దిల్‌సుఖ్‌నగర్ దాక దొబ్బుకుంటపోవుడు. ఇదే ఆమె బతుకు.

ఇగ ఈ దొబ్బుడు సంగతి ముందే చెప్పాలె, లేకుంటే కత సమజ్ కాదు. సైదమ్మ ఊర్ల దొబ్బుడు అంటే నూకుడు, నెట్టుడు. బండి దిగబడితే దొబ్బుతరు, తలుపు బిగుసుకపోతే దొబ్బుతరు, తాగినోడు మీదికొస్తే వాణ్ని గూడ దొబ్బుతరు. అండ్ల బూతు లేదు, దొంగతనం లేదు. అదే గోదారి దిక్కు, కృష్ణ దిక్కు పోయి ఆ మాటంటే కొట్టేసుడని అర్థం. "నా పెన్నెవడో దొబ్బేశాడు" అంటరు. హైదరాబాదుల రెండర్థాలు పక్కపక్కనే తిరుగుతుంటయి. సైదమ్మకు రెండోది తెల్వదని కాదు, గని నోరు తెరిస్తే మాత్రం ఊరి మాటే వస్తది.

రెండువేల పదకొండు ఫిబ్రవరిల తెలంగాణ కోసం రెండు దినాల బంద్ వచ్చింది. బంద్ అని మనుషులకు తెలుస్తది గని ద్రాక్షకు తెల్వది గద. ముందటి దినం తెచ్చిన మాలంత బండి మీదనే ఉన్నది. తెలంగాణ రావాలె, అండ్ల సైదమ్మకు రెండో మాట లేదు. కాని అది వచ్చేదాక ద్రాక్ష ఆగుతదా? మెయిన్ రోడ్డు మీద కాకుండ గల్లీ మూలకు బండి పెట్టుకొని నిలబడ్డది.

అప్పుడు దిగబడ్డడు జోగారావు. భీమవరం దిక్కాయన, కోచింగ్ సెంటర్ల ఫిజిక్స్ చెప్తడు. లోకమంత తలుపులు పెట్టుకొని ఇంట్ల కూసుంటే, క్లాసున్నదో లేదో చూసొస్తనని పాత స్కూటరేసుకొని వచ్చిన మహానుభావుడు. ఆయన గల్లీ మూలకు రావుడు, రోడ్డు మీద రాళ్లు లేసుడు, పోలీసోళ్లు టియర్ గ్యాస్ ఇడుసుడు, అన్ని ఒక్కపారే అయినయి. జోగారావు స్కూటర్‌ను తాళం చెవితోసహా అడ్డంగ ఇడిసిపెట్టి, ఫిజిక్స్ సూత్రాలన్ని మరిచిపోయి ఉరికిండు.

కాలుతున్న టైరు ఒకటి దొర్లుకుంటొచ్చి ఆ స్కూటర్‌కు నాలుగడుగుల దూరంల పడ్డది. స్కూటర్ వెనుక సైదమ్మ బండి. ముందట స్కూటర్ తీస్తెగాని తన బండి కదలది.

"ఎవని బండ్రా ఇది? తియ్యున్రి!" అని మొత్తుకున్నది. ఎవడున్నడు తీసెటందుకు? సైదమ్మకు స్కూటర్ నడుపుడు రాదు, బ్రేకు ఏ దిక్కుంటదో గూడ తెల్వది. ఆమెకొచ్చిన ఇద్దె ఒక్కటే. హేండిలు పట్టుకున్నది, నడుం వంచింది, దొబ్బింది. వెనుక జనం తరుముకొస్తున్నరు, ఆగెటందుకు జాగ లేదు. గల్లీలెంబడి దొబ్బుకుంట దొబ్బుకుంట గడ్డిఅన్నారంల తన అర్ర ముందటిదాక తెచ్చింది. జోగారావు మీద ప్రేమతోటి కాదు, ఆయనెవలో ఆమెకు తెల్వనే తెల్వది. పెట్రోలు అంటుకుంటే తన బండి పోతదని భయం. తిరిగి పోయి చూసేసరికి బండైతే ఉన్నది గని ద్రాక్ష రోడ్డు మీదున్నది. దాని మీదికెళ్లి తెలంగాణోళ్లు, ఆంధ్రోళ్లు, పోలీసోళ్లు అందరు నడిచిపోయిన్రు.

గల్లీ పిల్లలు స్కూటర్‌ను గీకుతరని పండ్ల మీద కప్పే తాటిపత్రి దాని మీద కప్పింది. తెల్లారి పోయి మూల మీద నిలబడ్డ కానిస్టేబుల్‌కు చెప్పింది గూడ.

"సారూ, నిన్న గడబిడల ఎవలదో స్కూటర్ మా ఇంటికాడ పెట్టిన. ఎవలన్న అడిగితే చెప్పున్రి."

రెండు దినాల సంది నిద్ర లేక ఆయన కండ్లు ఎర్రగున్నయి. "యాడుంటవ్?" అని అడిగి, ఆమె చెప్పినంక, "సరె, ఇప్పుడు కాదు, రేపు రా" అని పంపిండు.

ఆ రేపు రాకముందే జోగారావు ఠాణాకు పోయిండు. ఏ ఠాణా అని అడగకున్రి, అన్ని ఒక్కతీరే ఉంటయి. "నా స్కూటర్ కనపడట్లేదండి" అన్నడు. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యుమన్నట్టు, దొంగతనం అని ఎఫ్ఐఆర్ రాసిన్రు. పాపం ఆయన దొంగ అన్న మాటే అనలే. కనపడట్లేదు అంటే ఏ సెక్షన్ల పడతది మరి? దొంగతనమంటే పడతది.

మూడోనాడు పొద్దుగాల ఎస్ఐ, కానిస్టేబుల్, సాక్షులుగ జిరాక్స్ షాపుల పనిచేసే ఇద్దరు మనుషులు, అందరు కలిసి అర్ర ముందట దిగిన్రు. పంచనామాల ఏం రాసిన్రంటే, "నమ్మదగిన సమాచారం మేరకు" వచ్చి చూడగా, "తాటిపత్రితో కప్పి దాచిపెట్టిన" స్కూటర్ దొరికిందట. ఆ నమ్మదగిన సమాచారం ఇచ్చిందెవలు? సైదమ్మనే! ఆమె చెప్పిన మాటతోటే ఆమెను పట్టుకున్నరు. అసొంటి ఖాకీ తెలివికి దండం పెట్టాలె.

ఎస్ఐ కృష్ణా జిల్లాయన. "ఈ బండి నీకెక్కడిది?" అని గద్దించిండు.

"నేనే దొబ్బిన" అన్నది సైదమ్మ. "దిల్‌సుఖ్‌నగర్ కాడికెళ్లి ఈడిదాక ఒక్కదాన్నే దొబ్బిన. నడుం ఇరిగింది."

ఇంత సులువుగ ఒప్పుకున్న దొంగను ఎస్ఐ తన సర్వీసుల చూడలే. పోలీసుల ముందట ఒప్పుకున్నది కోర్టుల చెల్లదని చట్టమున్నది. అయినా రాసుకునేటోళ్లు రాసుకుంటరు. రాసుకున్నడు.

మెజిస్ట్రేటు ముందట నిలబెట్టిన్రు, రిమాండ్ అన్నరు, చంచల్‌గూడ ఆడోళ్ల జైలుకు పంపిన్రు. తొమ్మిది దినాలున్నది. కొట్టలే, తిట్టలే. పొద్దుగాల ఒకపారి, మాపటికి ఒకపారి పేరు పిలుస్తరు, "ఉన్న" అనాలె. అంత నోరున్న మనిషికి దినానికి రెండుపార్లు "ఉన్న" అనుడు తప్ప మాట లేకుంటయింది. లచ్చయ్య పోయి ఎల్బీనగర్‌ల మధు అనే వకీలును పట్టుకున్నడు. అపార్టుమెంటు పెద్దమనిషి జమానతు పడ్డడు. బయటికొచ్చినంక సైదమ్మ గేటు పట్టుకొని నిలబడి, "నన్ను చంపన్న చంపున్రి గని మళ్ల అండ్లకు పంపకున్రి" అన్నది. ముప్ఫయేండ్ల కాపురంల ఆమె భయపడుడు లచ్చయ్య అదే చూసుడు. ఆయన గూడ భయపడ్డడు.

ఆ మీద చార్జిషీటు పడ్డది, వాయిదాలు మొదలైనయి. ఎల్బీనగర్ కోర్టు వరండల ఒక బల్ల ఉన్నది. దాని ఈ కొసకు సైదమ్మ, ఆ కొసకు జోగారావు. ఆయనకు స్కూటర్ కావాలె. అది ఠాణా ముందట ఎండకు ఎండుకుంట వానకు తడుసుకుంట ఉన్నది. దాని కాయితాలు దాని డిక్కిలనే ఉన్నయి. డిక్కి తెరవాలంటే కోర్టు ఆర్డర్ కావాలె, ఆర్డర్ కావాలంటే కాయితాలు చూపియ్యాలె. సర్కారు తిరకాసు చూసి ఫిజిక్స్ సారు గూడ చేతులెత్తేసిండు.

"కేసు ముచ్చట మాత్రం ఆయనతోటి మాట్లాడకు, సాక్షిని బెదిరించినవంటరు" అని మధు వకీలు మొదలే చెప్పిండు. అందుకని ఇద్దరు కేసు తప్ప అన్ని మాట్లాడుకునేది. ఆమె సంచిలకెళ్లి బత్తాయి తీసిస్తే, ఆయన ఒలుచుకుంట, "మా వైపు బత్తాయి ఇంత తియ్యగా ఉండదమ్మా" అనేటోడు. "మీ వైపు ఏది తియ్యగున్నది సారూ, మా నీళ్లు తప్ప" అని ఆమె అంటించేది. ఆయన నవ్వేటోడు. లోపల మాత్రం, ఇంత మంచి మనిషి దొంగతనం ఎందుకు చేసిందో అని ఆయనకు అర్థమయ్యేది కాదు.

అక్టోబర్ వచ్చింది. సకల జనుల సమ్మె మంచి జోరు మీదున్నది. బస్సులు బంద్, బడులు బంద్, వకీళ్లు కోర్టు గేటు కాడ టెంటు కింద కూసున్నరు. సరిగ్గ ఆ దినమే సైదమ్మ కేసు పిలుపొచ్చింది. నేరం చదివి వినిపించి, ఒప్పుకుంటవా లేదా అని అడిగే దినమది. సైదమ్మ ఉరికి టెంటు కాడికి పోయింది.

"మధు సారూ, నన్ను పిలుస్తున్నరు!"

"నేను లోపలికి రాలేనమ్మా, బాయ్‌కాట్‌ల ఉన్నం. వాయిదా అడుగు. ఇయ్యకపోతే ఏం భయపడకు, జరిగింది జరిగినట్టు నిజం చెప్పు" అన్నడు మధు, నినాదానికి నినాదానికి నడుమ.

సైదమ్మ లోపలికి పోయింది. గుమస్తాలల్ల సగం మంది సమ్మెల ఉన్నరు. మెజిస్ట్రేటు గోదావరి జిల్లాకెళ్లి నెల కిందనే బదిలయి వచ్చిండు. సర్కారు తరఫు వకీలు పట్టాభిది గూడ ఆ దిక్కే. ఆ దినం కోర్టుల తెలంగాణ మాట సమజయ్యేటోడు ఒక్కడు లేడు. అందరు తెలంగాణ కోసం గేటు బయట కూసున్నరు.

వాయిదా అడిగింది, ఇయ్యలే. మెజిస్ట్రేటు ఇంగ్లీషు కాయితం చదివి, మెత్తగనే అడిగిండు. "ఏమ్మా, ఈ జోగారావుగారి బండి విషయం ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోకేంది సారూ. నేనే దొబ్బిన."

"ఎవరైనా బలవంతపెట్టి చెప్పించారా?"

"నన్ను బలవంతపెట్టేటోడు ఇంక పుట్టలే."

మెజిస్ట్రేటుకు ఈ నిజాయితీ నచ్చింది. ఆడమనిషి, మొదటి తప్పు, మందలించి పంపిద్దామనుకున్నడు. అందుకే, "ఇదే మొదటిసారి కదా?" అని అడిగిండు.

"మొదటిసారేంది సారూ! పదిహేనేండ్ల సంది దొబ్బుతున్న."

మెజిస్ట్రేటు కుర్సీల ముందుకు జరిగిండు. "ఎప్పుడెప్పుడు?"

"రోజు. దొబ్బితెనే గద కడుపుకింత కూడు. పండుగలకైతే ఇంకెక్కువ."

"ఒక్కదానివేనా? ఇంకెవరన్నా ఉన్నారా?"

"అయ్యో, నేనొక్కదాన్నేంది! దిల్‌సుఖ్‌నగర్‌ల రెండొందల మందిమి దొబ్బుతం."

"పోలీసులకు తెలుసా ఇది?"

"తెల్వకేంది! రోజొచ్చి మా కాడ పండ్లు తిని పోతరు."

పట్టాభి దస్తీతోటి చెమట తుడుసుకున్నడు. మెజిస్ట్రేటు ఆమె మాటలను ఆమె మాటలుగనే రాయించిండు. నిందితురాలు నేరం ఒప్పుకున్నది, అలవాటుగ చేస్తున్నట్టు తనే చెప్పింది, కనికరం చూపించనక్కర లేదు. మూడు నెలల జైలు అని వరండల దాక ఇనపడేటట్టు గట్టిగ చెప్పిండు.

జైలు అన్న మాట మాత్రం సైదమ్మకు మంచిగనే సమజయింది. "ఎందుకు సారూ? దొబ్బిన దానికా?" అన్నది. బయట ఎవలో చెప్తే మధు నల్లకోటు ఎగరేసుకుంట ఉరికొచ్చిండు. ఉద్యమం ఒక్క గంట ఆగింది. అప్పీలుకు పోయేదాక జైలు ఆపున్రని బతిలాడి నెల దినాల గడువు తెచ్చిండు.

జైలు ఆగింది గని పేరు ఆగలే. సాయంత్రానికల్ల బస్టాండంత పాకింది. పక్క బండ్లోళ్లు "సైదక్కా, మా బండి గూడ ఎత్తుకపోతవా ఏంది?" అని పరాచికాలాడిన్రు. వాళ్లను తిట్టి నోరు మూపించింది. సూర్యప్రభను ఏమని తిట్టాలె? కొత్తపేటల ఉండే విజయవాడామె, పదేండ్ల సంది ఈమె కాడనే కొంటది. ఒకనాడు వచ్చి, దానిమ్మపండ్లు తూకమేసినంక పర్సు సంకలకు జరుపుకున్నది. "ఏమనుకోకు సైదమ్మా, ఇంకోసారి తూచవా?" అన్నది. ఎన్నడు అడగని మాట. సైదమ్మ తక్కెడ పళ్లాలు రెండు ఖాళీ చేసి చూపించి మళ్ల తూకమేసింది. ఆ దినం బండి తొందరగ ఇంటికి తోలుకపోయి, అర్రల కూసొని లచ్చయ్య ముందట గుండె బాదుకున్నది. మూడు నెలల జైలు ఒక ఎత్తు, గా ఒక్క తూకం ఒక ఎత్తు అన్నది.

మధుకు మొకం చెల్లక ఫైలు తన జూనియర్ అరుణజ్యోతి చేతిల పెట్టిండు. నల్లగొండ పిల్ల, కోటు కొత్తది, కోపం గూడ కొత్తదే. కోర్టు కాయితాల నకలు తీసుకొని చదువుకుంట చదువుకుంట ఒక్కసారి పక్కున నవ్వింది. తర్వాత మొకం ఎర్రవడ్డది.

"పెద్దమ్మా, నువ్వు జడ్జి ముందట దొబ్బిన అన్నవా?"

"అన్న బిడ్డా. దొబ్బినంక దొబ్బిననే గద అంటరు?"

"ఆయనకు ఎత్తుకపోయినవని సమజయింది!"

సైదమ్మ లేసి నిలబడ్డది. "ఏందీ?" అన్నది. మళ్ల "ఏందీ?" అన్నది. తర్వాత అన్న మాటలు ఇక్కడ రాసేటియి కావు.

అప్పీలు పడ్డది, అది తేలేదాక జైలు గూడ ఆగింది. పై కోర్టుల గూడ వాయిదాల బల్ల ఉన్నది, దాని మీద గూడ ఈ ఇద్దరే, జోగారావు స్కూటర్ ఇంక ఇయ్యలే గద. ఇప్పుడు "ఆ మాట మాత్రం నోట్లెకెళ్లి రానియ్యకు" అని అరుణజ్యోతి కట్టడి చేసింది. ఆకరికి రెండువేల పద్నాలుగు జనవరిల విచారణకొచ్చింది.

సర్కారు తరఫున ఈ కోర్టుకు గూడ వచ్చిన పట్టాభి లేసి, "నేరం ఒప్పుకున్నవాళ్లకు అప్పీలు లేదండి. శిక్ష ఎక్కువైందని అడగొచ్చు అంతే" అన్నడు. చట్టం అట్లనే ఉన్నది, తప్పు లేదు.

"ఒప్పుకుంటే గద సార్!" అన్నది అరుణజ్యోతి. "దొంగతనం అంటే ఎదుటోని సొత్తును దురాశతోటి తీసుకపోవుడు. ఈమె దురాశ ఎక్కడ ఒప్పుకుంది? దొబ్బిన అన్నది. మా నల్లగొండల దొబ్బుడంటే నూకుడు. ఈమె బతికేదే బండి దొబ్బి. పదిహేనేండ్ల సంది చేస్తున్న అని చెప్పింది తన పండ్ల బండి గురించి సార్!"

"ఈ హైదరాబాదులో కుర్రాళ్లు సెల్‌ఫోన్ దొబ్బాడంటే నెట్టాడనా అండి అర్థం?" అని పట్టాభి ఎగిరిండు.

జడ్జి కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టిండు. ఈయన కడప దిక్కాయన. "పట్టాభిగారూ, మా కడపలో గూడా దొబ్బేదంటే నెట్టేదే. చిన్నప్పుడు మా నాయన జీపు మొరాయిస్తే రోజూ దొబ్బేవాణ్ని నేను. ఆ లెక్కన నా మీదెన్ని కేసులు పెట్టాల?"

కోర్టు గొల్లుమన్నది. పట్టాభి కూసున్నడు. అది ఒప్పుకునుడు కాదు, భాష రాక జరిగిన పొరపాటని జడ్జి తీర్పు చెప్పిండు. శిక్ష కొట్టేసి, కింది కోర్టుల కేసు మళ్ల మొదటికెళ్లి నడిపియ్యుమన్నడు.

వరండలకొచ్చినంక సైదమ్మ అడిగింది. "గెలిచినమా బిడ్డా?"

"గెలిచినం పెద్దమ్మా."

"మరి మళ్ల కేసేంది?"

"గెలిచినం గాబట్టే మళ్ల మొదలైతది."

సైదమ్మ ఏదో అనబోయింది, అంతల జోగారావు అడ్డమొచ్చిండు. లోపల కూసొని అంత విన్నడు. ఆయన మొకం చూడబుద్ది కాలే. "నా స్కూటర్ కాలిపోకుండా తీసుకెళ్లావా? మూడేళ్లు ఒకే బల్ల మీద కూర్చున్నాం, ఒక్క మాట చెప్పొచ్చు కదమ్మా!"

"నాకు చెప్పద్దన్నరు. నువ్వన్న అడిగితివా?"

జోగారావు అరుణజ్యోతి దిక్కు తిరిగి, ఇప్పుడేం చెయ్యాలని అడిగిండు. బండి సొంతదారు రాజీ పడ్డనని కోర్టుల చెప్తే దొంగతనం కేసు అక్కడికక్కడ కొట్టేస్తరని అరుణజ్యోతి చెప్పింది. "ఇవాళే పడతానండి!" అన్నడు జోగారావు. ఇవాళ అంటే అయితదా? ఫైలు ఒక అంతస్తు దిగెటందుకు ఆరు నెలలు పట్టింది. నడుమ తెలంగాణ గూడ వచ్చింది. జూన్ రెండున సైదమ్మ దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక గంపెడు పండ్లు పంచిపెట్టింది. జూలైల మళ్ల బోను కాడికి పోయింది.

కింది కోర్టుల అప్పటికి కొత్త మెజిస్ట్రేటు వచ్చిండు. అరుణజ్యోతి రాజీ కాయితం టైపు చేయించి తెచ్చింది. జోగారావు సంతకం పెట్టిండు. సైదమ్మ, "ముందుగాల చదువు" అన్నది.

"'పెద్దల సమక్షంలో రాజీ కుదిరినందున, ఫిర్యాది నిందితురాలిని మన్నించి...'"

"ఆగు. మన్నించుడేంది?"

"అందరికి గట్లనే రాస్తరు పెద్దమ్మా. ఇది అచ్చు ఫారం."

"నేనేం జేసిన్నని మన్నిస్తడు? ఆయన బండి కాపాడినందుకా?"

"పెద్దమ్మా, లోపల పిలుస్తున్నరు. ఇది వద్దంటే మళ్ల విచారణ, సాక్షులు, జిరాక్సు షాపోళ్లు. ఆకర్న ఏమైతదో నేను చెప్పలేను. మళ్ల మూడు నెలలు పడొచ్చు."

సైదమ్మకు చంచల్‌గూడ గేటు కండ్ల ముందట కనపడ్డది. గోడకు ఆనుకున్నది. లచ్చయ్య "పెట్టెయ్యే, ఒక్క మాటనే గద" అని బతిలాడిండు.

"గా ఒక్క మాట కోసమే గద మూడున్నరేండ్లు తిరిగిన" అన్నది. "పోత. జైలుకన్న పోత గని దీని మీద యేలు పెట్ట."

జోగారావు ఆ కాయితం గుంజుకున్నడు. జేబుల పెన్ను తీసి టైపు చేసిందంత కొట్టేసి, పక్కన పిల్లల పరీక్ష పేపర్లు దిద్దినట్టు రాసుకుంట పోయిండు. రాసి ఆమెకు చదివి వినిపిచ్చిండు. సైదమ్మ విన్నది. యేలిముద్ర పెట్టింది.

లోపల మెజిస్ట్రేటు ఆ కాయితం చూసి కనుబొమ్మలు ముడిసిండు. చిన్నగ, గొణిగినట్టు చదివిండు. "'నా స్కూటర్ మంటల్లో కాలిపోకుండా ఈమె దొబ్బింది. దొంగతనం జరగలేదు. నేనే ఈమెకు క్షమాపణ చెప్పుకుంటున్నాను.' ఇదేం భాషండీ? ఈ మాట మార్చి తెస్తారా?"

"మార్చనండి" అన్నడు జోగారావు. "మూడేళ్ల కిందట ఆ మాట తెలియకే ఇంత జరిగింది."

మెజిస్ట్రేటు ముద్ర గుద్ది, "కేసు కొట్టేయడమైనది. వెళ్లమ్మా" అని పక్క ఫైలు తీసిండు.

సైదమ్మ కదలలే. బోను కట్టె పట్టుకొని నిలబడ్డది. అరుణజ్యోతి కొంగు గుంజుతున్నా కదలలే.

"సారూ, దండం. నాడు గీ కుర్సీల కూసున్న సారు నన్ను దొంగ అన్నప్పుడు గట్టిగ అన్నడు. గోడలకు ఇనపడ్డది, బస్టాండ్ దాక ఇనపడ్డది. కాదన్న మాట గూడ గట్లనే అనున్రి. నాకొక్కదానికే ఇనపడితే నేనేం జేసుకోవాలె?"

బంట్రోతు "ఏయ్" అన్నడు. మెజిస్ట్రేటు చెయ్యెత్తి వాణ్ని ఆపిండు. కలం కింద పెట్టిండు, గొంతు సవరించుకున్నడు.

"సైదమ్మ దొంగ కాదు!"

వరండల బల్ల మీద కూసున్నోళ్లంత తలలు తిప్పి చూసిన్రు. సైదమ్మ బోనుల నిలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకొని, ఎక్కెక్కి ఏడ్చింది.